ఒకే గిన్నెలో రాత్రి కూడు: కర్నూలు, కడప సీమలో మన వంటకు ఉన్న చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. సంగటి పొయ్యి మీద ఉన్నప్పుడు తీరిగ్గా చదువుకోండి.

రూముల్లో ఉండి చదువుకునే మనవాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు సాయంత్రం ఫోనులో వెతికేది ఒకటే: "తొందరగా అయ్యే రాత్రి వంట". వెతికితే అమెరికా వంటలు వచ్చి పడతాయి. అందులో ముందుండేది గొడ్డు కైమాతో చేసే కాసరోల్. మన ఇళ్లల్లో కాసరోల్ అంటే రొట్టెలు వేడిగా పెట్టుకునే డబ్బా. వాళ్లకు అది కైమా, ఏదో ఒక గింజో దుంపో, పైన చీజు, అన్నీ ఒకే గిన్నెలో వేసి ఓవెన్‌లో పెట్టేసే వంట. మాట ఫ్రెంచి వాళ్లది, గిన్నె పేరే వంట పేరైంది. మన సంగటి కూడా ఒక్క గిన్నె వంటే. రెండింటి వెనకా పని చేసి అలిసిపోయిన ఆడవాళ్లు ఉన్నారు, చేతుల్లోంచి జారిపోయిన నేల ఉంది. ఆ సంగతే ఈ పోస్టు.

1. కైమా మన సీమకు కొత్తది కాదు

కైమా అనే మాట పారసీ నుంచి వచ్చింది. 16వ శతాబ్దం చివర్లో అబుల్ ఫజల్ రాసిన అయినీ అక్బరీలో అక్బరు వంటశాల వంటకాల జాబితా ఉంది. అందులో కైమా పులావు ఉంది, గోధుమా మాంసమూ కలిపి ఉడికించే హరీసా, హలీమూ ఉన్నాయి. గింజా కైమా ఒకే గిన్నెలో వేయడం అమెరికా కనిపెట్టింది కాదన్నమాట.

మన దిక్కున కడపను మయానా పఠాను నవాబులు ఏలారు. 1779లో హైదరలీ వచ్చి కడపను పట్టుకున్నాడు. కర్నూలు నవాబులూ పఠాన్లే. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఇంగ్లీషు కంపెనీ దించేసింది. ఆ కొలువులూ, వాటి చుట్టూ పెరిగిన బజార్లూ కైమాను సీమ నాలుకకు అలవాటు చేశాయి. ఇప్పుడు సీమలో చాలా మాంసాహార ఇళ్లల్లో కైమా ఉండలు చేస్తారు.

అయితే నవాబు కైమా వేరు, బీదవాళ్ల కైమా వేరు. ఏళ్ల తరబడి మడక లాగిన ముసలి ఎద్దు మాంసం, పాలు ఎండిపోయిన ఎనుము మాంసం గట్టిగా, నారగా ఉంటుంది. ముక్కలుగా వేస్తే గంటల తరబడి ఉడకాలి, కట్టెలు బోలెడు కావాలి. సన్నగా కొట్టేస్తే ఆ నార తెగిపోతుంది, అరగంటలో మెత్తబడుతుంది. ఇంకో లాభమూ ఉంది. పావు కిలో మాంసం ముక్కలుగా వేస్తే ఆరుగురికి తలా రెండు తునకలు కూడా రావు. కైమా చేసి గింజలోనో, పప్పులోనో కలిపితే అందరి ముద్దలోకీ రుచి వస్తుంది. ఇది బీదరికం నేర్పిన లెక్క.

2. పెద్దకూర, చిన్నకూర

మన ఊళ్లల్లో గొడ్డు మాంసాన్ని పెద్దకూర అంటారు, పొట్టేలు, మేక మాంసాన్ని చిన్నకూర అంటారు. పెద్దకూర తినేవాళ్లు మాల, మాదిగ పల్లెల్లో ఉన్నారు, ముస్లింలలో, క్రైస్తవుల్లో ఉన్నారు. మన తెగల్లో ఎక్కువమందికి ఆ అలవాటు లేదు. సుగాలీలకు ఎద్దు బరువు మోసిన తోడు, కుటుంబంలో మనిషి లెక్క. కాబట్టి "ఆదివాసీలంతా ఇది తింటారు", "ఆదివాసీలెవరూ ఇది తినరు" అనే రెండు మాటలూ తప్పే. ఎవరి తండా ఆచారం వాళ్లది, ఎవరి గూడెం ఆచారం వాళ్లది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ఆవునూ, దూడలనూ కోయడాన్ని నిషేధించింది. ఎద్దు, ఎనుము కోయాలంటే అది ఇక పనికీ పాడికీ పనికిరాదని అధికారి సర్టిఫికెట్ ఉండాలి. అంగట్లో దొరికే పెద్దకూర ఎక్కువగా ఎనుములదే.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినప్పుడు పెద్ద గొడవ అయింది. అక్కడ అడిగింది ఒక కూర గురించి మాత్రమే కాదు. హాస్టల్ మెనూ ఎవరి ఇంటి వంటను మామూలు తిండి అనుకుంటుంది, ఎవరి ఇంటి వంటను దాచుకోమంటుంది అనేదే అసలు ప్రశ్న. ఉడుము కూర తిన్నామనీ, అడివి దుంపలు తిన్నామనీ క్లాసులో చెప్పుకోలేక నోరు మూసుకున్న మన పిల్లలకు ఆ ప్రశ్న బాగా తెలుసు.

3. సుగాలీ ఎద్దులు, చెంచు దుంపలు

రైలు రాక ముందు దక్కనులో ఉప్పు, ధాన్యం మోసింది సుగాలీ ఎద్దుల బిడారులు. 1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం అందించింది కూడా ఈ బిడారులే. రోజంతా నడక, పొద్దుగూకితే మజిలీ. మూడు రాళ్ల పొయ్యి, ఒక కుండ, జొన్న రొట్టె. మేక కోసిన రోజు నెత్తురు కూడా పారేయకుండా సళోయి. తొందరగా అయ్యే రాత్రి వంట అంటే మన తాతమ్మలకు అదీ.

1871లో మద్రాసు రైలూ బొంబాయి రైలూ రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి కడప మీదుగానే పోతుంది. ఎద్దు మోసే సరుకు రైలు ఎక్కింది. అదే 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది, 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. బతుకుతెరువు తీసేశారు, తిరిగితే దొంగలన్నారు. ఎరుకలవాళ్లు ఉప్పూ, గంపలూ అమ్ముకుంటూ తిరిగినవాళ్లే, వాళ్లకూ అదే గతి. ఆ చట్టం దేశమంతటా పోయేసరికి 1952 అయింది.

నల్లమలలో చెంచుల సంగతి వేరు. హైమన్‌డార్ఫ్ 1943లో అచ్చువేసిన చెంచుల పుస్తకం చదివితే దుంపలు, గడ్డలు, కాయలు, తేనె, వేట, కొంచెం జావ, ఇదీ వాళ్ల తిండి అని తెలుస్తుంది. ఆడవాళ్లు ఇనుప మొన ఉన్న కోలతో గడ్డలు తవ్వేవాళ్లు. వేట దొరికితే పెంటలో అందరికీ పంచేవాళ్లు. దాచిపెట్టుకునే తిండి కాదది, పూటకు పూట.

1882 మద్రాసు అడవి చట్టంతో కొండలు రిజర్వు అడవులయ్యాయి. 1972 చట్టంతో వేట నేరమైంది. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల ప్రాజెక్టులో చేరింది. పులిని కాపాడాలి, ఎవరూ కాదనరు. కానీ పెంటలో కుండలో పడాల్సిన దానికి బదులు ఏమిటి అని అడిగినవాళ్లు తక్కువ. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. కాగితం మీద హక్కు కుండలోకి రావాలంటే దరఖాస్తు రాయడం వచ్చిన మన పిల్లలే ముందుండాలి.

4. పౌను గింజల కరువు

1876-78 కరువు గురించి మన పాఠ్యపుస్తకాల్లో రెండు లైన్లుంటే ఎక్కువ. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు దాని నడిబొడ్డున ఉన్నాయి. పశువులు మందలు మందలుగా చచ్చిపోయాయి. 1871 జనాభా లెక్కలో కర్నూలు జిల్లాలో 9 లక్షల పైన ఉన్న జనం 1881 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయారు.

కరువు పనికి వచ్చినవాళ్లకు కూలీ ఎంత? 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే దొర పెట్టిన రేటు మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. రాళ్లు కొట్టి, మట్టి మోసిన మనిషికి అది చాలదనీ, పప్పూ కూరగాయలూ ఉండాలనీ మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు గానీ కూలీ పెంచలేదు. పైవాళ్లు కాగితం మీద ఒక మనిషి రాత్రి కూడును ఇంత అని కొలిచిన కథ ఇది. అంతకు కొన్నేళ్ల ముందే కర్నూలు-కడప కాలువ తవ్వారు. కాలువ వచ్చినా నీళ్లు అందని మెట్ట పొలాలే ఎక్కువ. సంగటి ఆ మెట్ట పొలాల తిండి.

5. అక్కడ కూడా ఇదే కథ

ఇదే కాలంలో అమెరికా మైదానాల్లో ఆదివాసీల అడవి ఎనుము, అంటే బైసన్, కోట్ల సంఖ్యలో ఉన్నది వేటగాళ్ల తుపాకులకు రాలిపోయింది. 1889 నాటికి వెయ్యికి అటూ ఇటూ మిగిలాయి. బైసన్ పోయాక లకోటా జనానికి గవర్నమెంటు ఒప్పందాల ప్రకారం గొడ్డు మాంసం రేషను ఇచ్చింది. మాట వినకపోతే కోత పెట్టింది. 1889లో పైన్ రిడ్జ్‌లో ఆ రేషను బాగా తగ్గించారు. ఆకలి, కోపం పెరిగాయి. 1890 డిసెంబరులో వూండెడ్ నీలో సైన్యం వందల మందిని కాల్చి చంపింది. తర్వాతి కాలంలో డబ్బా మాంసం, తెల్ల పిండి, చీజు, నూనె సర్కారు తిండిగా వచ్చాయి. 1977 చట్టంతో రిజర్వేషన్లకు తిండి పంపిణీ పథకం పెట్టారు. వేటా, దుంపలూ, మొక్కజొన్నా తిన్న జనానికి ఇప్పుడు షుగరు జబ్బు పెద్ద శాపం.

తెల్లవాళ్ల ఇళ్లల్లో కాసరోల్ పెరిగింది ఇంకో దారిలో. 1930ల మాంద్యంలో కొంచెం మాంసాన్ని పదిమందికి సాగదీయాల్సి వచ్చింది. యుద్ధకాలంలో ఆడవాళ్లు ఫ్యాక్టరీలకు పోయారు, మాంసానికి రేషను వచ్చింది. క్యాంప్‌బెల్ కంపెనీ 1934లో పుట్టగొడుగుల చిక్కటి సూపును డబ్బాల్లో తెచ్చింది. ఆ డబ్బా ఒకటి గుమ్మరిస్తే కాసరోల్‌కు పులుసు అయిపోయినట్టే.

మన సంగతి చూడండి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు. ఆ తర్వాత కొర్ర, సద్ద, జొన్న వేసే మడికట్లు తగ్గిపోయాయి. ఇంట్లో సంగటి ముద్దలో నూకలు పెరిగి, రాగిపిండి తగ్గింది. సర్కారు తిండి ఆకలిని తీరుస్తుంది, దాంతోపాటు పాత తిండిని మరిపిస్తుంది కూడా. లకోటా అవ్వకూ, నల్లమల అవ్వకూ భాష కలవదు గానీ ఈ మాట ఇద్దరికీ అర్థమవుతుంది.

ఇంకొకటి. మన ఊరుబిండిలో పడే చెనిక్కాయ, మిరపకాయ, పులుసులో పడే టమాట, ఇవన్నీ అమెరికా ఖండాల ఆదివాసీలు వేల ఏళ్లు పండించి తీర్చిదిద్దిన పంటలే. పోర్చుగీసు ఓడలెక్కి మిరప మన దేశానికి వచ్చింది. అంటే వాళ్ల పంట మన ముద్దలో ఎప్పటినుంచో ఉంది.

6. రాత్రి అరగంటలో

చరిత్ర చెప్పి ఆకలితో పంపించడం బాగుండదు. ఇద్దరు ముగ్గురికి సరిపడే కొర్ర కైమా ఇది. కుక్కరు ఒకటి చాలు.

కాలేజీ నుంచి రాగానే ఒక గ్లాసు కొర్రలు కడిగి నానబెట్టండి. పావు కిలో కైమా తెచ్చుకోండి. మీ ఇంటి ఆచారం ప్రకారం చిన్నకూరో, పెద్దకూరో, కోడిదో. కైమా ఆ పూటే వండేయాలి, బాగా ఉడకాలి. మాంసం కొట్టేటప్పుడు పైన ఉన్న క్రిములు లోపలి దాకా కలిసిపోతాయి, అందుకే.

కుక్కరులో రెండు స్పూన్ల నూనె వేసి, రెండు ఎర్రగడ్డలు, నాలుగు పచ్చిమిరపకాయలు, అల్లం తెల్లగడ్డ ముద్ద వేయించండి. కైమా, పసుపు, ఉప్పు, కారం వేసి నీరు ఇగిరేదాకా కెలకండి. అర గ్లాసు నీళ్లు పోసి మూడు విజిళ్లు రానివ్వండి, ఎనుము కైమా అయితే ఐదారు. మూత తీసి గుప్పెడు గోగాకు, నానిన కొర్రలు, రెండు గ్లాసుల వేడినీళ్లు వేసి ఇంకో రెండు విజిళ్లు. దించాక వేయించి దంచిన చెనిక్కాయల పొడి చల్లుకోండి. చీజు అక్కర్లేదు, ఆ పని చెనిక్కాయ చేస్తుంది.

కైమాకు డబ్బులు లేని రోజు అలసందలు వేసుకోండి. రాగి సంగటే కావాలంటే నూకలు మెత్తగా ఉడికాక పిండి మధ్యలో కుప్పగా పోసి, కదిలించకుండా సన్న సెగ మీద పది నిమిషాలు మూత పెట్టి, అప్పుడు కట్టెతో గట్టిగా కెలకాలి. ముందే కెలికితే ఉండలు కడుతుంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు.

ఒక పని పెట్టుకుందాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో పెద్దామెను మూడు ప్రశ్నలు అడగండి. చిన్నప్పుడు రాత్రిపూట ఏం వండేవాళ్లు? అందులో ఇప్పుడు దొరకనిది ఏది? ఎప్పటినుంచి దొరకట్లేదు? జవాబులు ఆమె మాటల్లోనే, గోర్ బోలీ అయితే గోర్ బోలీలోనే రాసి, ఆమె ఒప్పుకుంటేనే కింద పెట్టండి. మూడో ప్రశ్నకు వచ్చే ఏళ్లను పైన రాసిన 1972, 1983లతో పోల్చి చూద్దాం. నల్లమల పెంటల జవాబులూ, కడప తండాల జవాబులూ పక్కపక్కన పెడితే మన తిండి చరిత్ర మన చేత్తోనే రాసుకున్నట్టు అవుతుంది.