వేలిముద్రల ప్రయోగం (తరగతి గదిలో)

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడుల్లో పైసా ఖర్చు లేకుండా చేయించదగిన జీవశాస్త్ర ప్రయోగం. కాగితం మీద పెన్సిల్‌తో దట్టంగా రుద్ది, ఆ పొడిలో వేలిని ఒక గోరంచు నుంచి రెండో అంచుకు దొర్లించాలి. ఆ వేలిపై సెల్లోటేపు అంటించి తీసి, తెల్ల కాగితంపై అతికిస్తే గీతలు తేలతాయి. గట్టిగా నొక్కితే మాత్రం మిగిలేది మసకే.

ముద్రలు ప్రధానంగా ఉచ్చు, సుడి, కమాను అని మూడు రకాలు. సగానికి పైగా ఉచ్చులే, కమాను అరుదు. వేళ్లను జతలుగా చేసి, సుడి ఉన్నవాటికి 16, 8, 4, 2, 1 చొప్పున విలువ కడితే 1024 వర్గాలొస్తాయి. ఇది హెన్రీ పద్ధతి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది ఆ పద్ధతి మీదే. లెక్క కుదిర్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వారి పై అధికారి హెన్రీ దొరకు దక్కింది.

చేతిపనితో అరిగిన వేళ్లు రేషన్ యంత్రానికి ఆనకపోవడం ధర్మవరంలాంటి నేత ఊళ్లలో చర్చకు పెట్టదగిన సంగతి. వేలిముద్రే గుర్తింపయిన ఆధార్ కాలం కనుక, ముద్రల కాగితాలను పిల్లలకే తిరిగిచ్చేయాలి.