కారెంపూడిలో వెనక్కి నడిచే కథ

పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివర్లో జరిగింది. దాన్ని ద్విపదలో చెప్పిన శ్రీనాథుడు 15వ శతాబ్దపు కవి. నడుమ రెండు వందల ఏళ్లకు పైగా ఆ కథను మోసింది పాడేవాళ్లే. ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతుంటే జనం ఊగిపోవడాన్ని ‘క్రీడాభిరామం’ వర్ణించింది. శ్రీనాథుడు ఎంచుకున్న ఛందస్సు కూడా వీధిలో వినిపిస్తున్నదే అన్నమాట.

ఆ కథకు గుడి కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున ఉంది. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీర్ల తిరునాళ్ల. పల్నాటి వీరులను కొలిచే వీరాచారవంతులు తాతల నాటి ఆయుధాలను, కొణతాలను ఏటికి తెచ్చి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి గుడికి చేరుస్తారు. ఏడాదంతా ఇంట్లో పూజలందుకున్న ఇనుము ఆ అయిదు రోజులూ వీరుడే.

రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు: ఇదీ రోజుల వరుస. కథలో మాత్రం కోడిపందెమే ముందు. యుద్ధంలో ఒక పక్షమైన మాచర్ల వారు అందులో ఓడి వలస పోయారు. వలసలో ఉండగా వారి ఆలమందపై దాడి జరిగి కాపరి లంకన్న చనిపోయాడు. గడువు తీరాక వారి తరఫున రాయబారం వెళ్లిన అలరాజు విషానికి బలయ్యాడు. తిరునాళ్లలో ఈ మూడూ తలకిందులుగా వస్తాయి. ఇది పొరపాటు కాదనే నా నమ్మకం. చనిపోయినవారి కోసం ఏడ్చేవాళ్లు కథను మొదటి నుంచి చెప్పరు. ఇదెందుకు జరిగింది, దానికి ముందు ఏం జరిగిందని వెనక్కి తవ్వుకుంటూ పోతారు. అలా కోడిపందెం దాకా వెళ్లి, మర్నాడు, కళ్లిపాడు నాడు, నేరుగా యుద్ధభూమిలో నిలబడతారు.

మందపోరు నాడే చాపకూడు. చాపల మీద అన్నం రాశిపోసి, కులం అడగకుండా అందరూ కలిసి తింటారు. మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చేసుకున్న మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి పేరు మీద నడిచే పంక్తి ఇది. ఈ తిరునాళ్లలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

1911లో అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చువేసిన శ్రీనాథుడి ‘పల్నాటి వీరచరిత్ర’ ప్రధానంగా బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి యుద్ధం. అంతకుముందరి కథ కోసం పరిశోధకులు మళ్లీ గాయకుల దగ్గరికే వెళ్లవలసి వచ్చింది. 1982లో జీన్ రోఘేర్ ఇంగ్లీషులో వెలువరించిన పల్నాటి కథ పల్నాడులో ఒక వీరవిద్యావంతుడు పాడగా రికార్డు చేసుకున్నదే.