కొబ్బరి నుంచి కురిడీ దాకా: కోనసీమలో ఎండబెట్టే పద్ధతుల చరిత్ర

ఈ భాగం చదివిన తరువాత, పంటను ఎండబెట్టే పద్ధతి దాని నాణ్యతనూ, రైతు బేరమాడే శక్తినీ ఎలా ప్రభావితం చేస్తుందో మీరు వివరించగలగాలి.

1. నేపథ్యం

గోదావరి పాయలైన గౌతమి, వశిష్ఠల మధ్య సముద్రం దాకా విస్తరించిన ప్రాంతం కోనసీమ. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ డెల్టాకు సాగునీటితోపాటు పడవలు నడిచే కాలువలనూ ఇచ్చింది. సరుకు కదిలే దారి ఏర్పడినా, మంచి ధర వచ్చేదాకా అది చెడిపోకుండా ఉండాలి కదా! దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల రైతులు బంగాళాదుంపలను రాత్రి చలికి గడ్డకట్టించి, కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి 'చున్యో' పేరుతో ఏళ్ల తరబడి నిల్వ చేసుకున్నారు. కోనసీమ రైతు కొబ్బరిని నిల్వ చేసుకున్నదీ నీటిని తీసివేసే ఉపాయంతోనే.

2. రెండు పద్ధతులు

మొదటిది కురిడీ. ముదిరిన కాయలను పగలగొట్టకుండా 8 నుంచి 12 నెలలపాటు అటక మీద ఉంచుతారు. లోపలి నీరు నెమ్మదిగా ఇంకిపోయి, కొబ్బరి గుండు చిప్పను వదిలి, ఊపితే గలగలలాడుతుంది. రెండవది, కాయను పగలగొట్టి చిప్పలను ఎండలో ఆరబెట్టడం. పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే ఉంటుంది. నూనె మరకు పంపే ఎండు కొబ్బరిలో తేమ 6 శాతం మించకూడదు.

3. పద్ధతిని బట్టి ఫలితం

వాన పట్టి చిప్పలు సరిగా ఆరకపోతే బూజు పడుతుంది. కొన్ని రకాల బూజు అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థాన్ని తయారుచేస్తుంది. పొగ మీద ఆరబెడితే కొబ్బరి నల్లబడుతుంది, నూనెకు పొగవాసన పడుతుంది. మంట ఎక్కువైతే పైపొర గట్టిపడి లోపలి తేమ బయటకు రాదు. అంబాజీపేట మార్కెట్లో కురిడీని గండేరా, గటగట అంటూ రకాలుగా విడదీసి, వెయ్యి కాయల లెక్కన వేర్వేరు ధరలు కట్టడాన్ని గమనించండి.

4. ఎవరికి లాభం?

కాయలు ఏడాదిపాటు అటక మీద ఉండాలంటే, ఆ ఏడాది ఇల్లు వేరే రాబడితో గడవాలి. అప్పు తీర్చాల్సిన చిన్న రైతు, కౌలు రైతు కాయ దించగానే పచ్చికాయగా అమ్మేస్తారు. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ కొబ్బరి తోటలు పెద్ద ఎత్తున కూలిపోయాయి. నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పట్టే ఈ పంటలో, అలాంటి దెబ్బ తిన్న రైతుకు ఆగి అమ్మే స్తోమత ఎక్కడిది? కురిడీ చేయడం తెలిసినవారందరికీ కురిడీ ధర దక్కకపోవడానికి కారణం ఇదే.

అభ్యాసం: మీ ప్రాంతంలో ఎండబెట్టి నిల్వచేసే ఒక పంటను ఎంచుకోండి. దానిని ఎవరు ఎండబెడతారు, ఎవరు నిల్వ ఉంచుతారు, ధర పెరిగినప్పుడు లాభం ఎవరికి చేరుతుందో విచారించి ఒక పేజీలో రాయండి.