నమూనా ఇంజన్ల నిర్మాణం

ఇంటి గ్యారేజీలో లేతు పెట్టుకుని, నిజంగా తిరిగే చిన్న ఆవిరి, పెట్రోలు ఇంజన్లను తయారుచేసే అభిరుచి. వీటిని బొమ్మలంటే తయారుచేసినవాళ్లు ఊరుకోరు.

లండన్‌లో పెర్సివల్ మార్షల్ 1898లో ప్రారంభించిన ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక దీనికి ఊపునిచ్చింది. కొత్తవారు తరచూ చేపట్టేది స్టువర్ట్ 10వీ ఇంజను: సిలిండర్ లోపలి వ్యాసం ముప్పావు అంగుళం, స్ట్రోకూ అంతే. పోత ముక్కలు కొనుక్కోవచ్చు. తరణి పట్టి, బోరు చేసి, అమర్చే పనంతా సొంతం. అసలు చిక్కు మరోచోట ఉంది. కొలతలను కుదించగలం గానీ ఆవిరి స్వభావాన్ని కుదించలేం. కొలత సగమైతే సిలిండర్ ఉపరితలం నాలుగో వంతుకు, ఘనపరిమాణం ఏకంగా ఎనిమిదో వంతుకు పడిపోతాయి. లోపలి ఆవిరితో పోలిస్తే గోడలు ఎక్కువై, అది త్వరగా చల్లబడి నీరవుతుంది. అసలు ఇంజన్‌ను అచ్చుగుద్దినట్టు కుదిస్తే చాలదన్నది అందుకే.

కెనడాలో టొరంటోకు ఉత్తరాన ఉన్న రిచ్‌మండ్ హిల్ పేరుతో ‘రిచ్‌మండ్ హిల్ లైవ్ స్టీమర్స్’ క్లబ్బు ఉంది. దాని పట్టాలు మాత్రం పొరుగున విట్‌చర్చ్-స్టోవ్‌విల్‌లో పరిచారు. అక్కడ చిన్న రైలింజన్లు మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతాయి.

కొత్త బాయిలర్‌ను ముందు చల్లని నీటితో, పనిచేసే ఒత్తిడికి రెట్టింపు వరకు పరీక్షించడం ఆనవాయితీ. నీరు ఆవిరిలా వ్యాకోచించదు కనుక, అతుకు విడిపోయినా పేలుడు జరగదు.