నోటు వెనక పది రూపాయలు

మదనపల్లెలో మా తాత పోయాక ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున ఒక ప్రోనోటు దొరికింది. 1971 నాటిది. అసలు ఐదు వందలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, రెవెన్యూ స్టాంపు మీదుగా తాత సంతకం. నిలువునా సగం దాకా చించి ఉంది. అంటే తీరిపోయిన అప్పన్నమాట.

వెనక్కి తిప్పితే రెండు చోట్ల ‘చెల్లు’ రాసి ఉంది. ఒక్కోసారి పది రూపాయలు. మొదటిది మూడేళ్లు నిండడానికి వారం ముందు. రెండోది దాని తర్వాత మళ్లీ మూడేళ్లు నిండబోతుండగా.

“ఐదు వందల అప్పుకి పది రూపాయలు కట్టినాడేమవ్వా?” అని అడిగాను.

“కట్టలేదు నాయనా, కట్టించుకున్నారు” అంది అవ్వ.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అర్థమయ్యేనాటికి నా జేబులో క్రెడిట్ కార్డు ఉంది.

లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రోనోటుకు మూడేళ్లే ఆయుష్షు. ఆలోగా అప్పిచ్చినవాడు కోర్టుకు వెళ్లకపోతే నోటు కాలదోషం పడుతుంది. కానీ గడువు దాటకముందే బాకీలో కొంత కట్టి, ఆ సంగతి నోటు వెనక రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. అందుకే షావుకారు గడువు దగ్గర పడగానే వచ్చి “ఇప్పుడంతా వద్దులేప్పా, ఒక పది రూపాయలిచ్చి చెల్లు రాయి” అనేవాడు. తీసుకున్నవాడికి అది దయలా కనిపించేది. ఆ పది రూపాయలతో అప్పు తీరదు, బతుకుతుంది.

ఇంకో పద్ధతి నోటు తిరగరాయడం. ఐదు వందలకు రెండు రూపాయల వడ్డీతో మూడేళ్లకు మూడు వందల అరవై. అది అసలులో కలిసి కొత్త నోటు ఎనిమిది వందల అరవైకి. ఇక వడ్డీ దాని మీద. చక్రవడ్డీ అనే మాట ఎక్కడా రాయనక్కర్లేదు.

దీనికి అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన పాతదే. వడ్డీ అసలును మించకూడదనే దామ్‌దుపట్ సూత్రం హిందూ న్యాయంలో ఉంది. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1938లో, రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విముక్తి చట్టం తెచ్చింది. రైతు అసలూ వడ్డీ కలిపి అసలుకు రెండింతలు కట్టేసి ఉంటే ఆ అప్పు తీరినట్టే అంది. అంటే ఏ అప్పుకైనా ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది.

మా తాత ఆ చట్టం పేరు విన్నాడో లేదో. ఆయన ఆరేళ్ల పాటు ఆ అప్పు సంగతి అవ్వకు చెప్పలేదు. “నోటు చింపిన రోజే తెలిసింది నాకు. ముందే చెప్పింటే నా కమ్మలు అమ్మేసైనా తీర్చేవాళ్లం” అంది అవ్వ. వడ్డీ కన్నా ఆయన సిగ్గుకే ఎక్కువ ఖర్చయింది.

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లో క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఈ దారి తొక్కిన తొలి బ్యాంకుల్లో అదొకటి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గానీ, తెలుగువాళ్ల అప్పుల చరిత్రలో 1981ని మరవకూడదు. నోటు రాయించుకునే షావుకారు మన మొహం చూసి అప్పిచ్చేవాడు. కార్డు మొహం చూడదు. ఆ రోజుల్లో దుకాణంలో కార్డు మీద కార్బన్ కాగితం పెట్టి అచ్చు తీసి, సంతకం పెట్టించుకునేవారు. కాపలా అంతా ఆ సంతకమే.

తర్వాతి నలభై ఏళ్ల చరిత్రంతా ఆ కాపలాను గట్టి చేసుకోవడమే. 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ చెల్లింపుకు కార్డు మీద లేని రెండో గుర్తు కూడా అడగాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఇవాళ మనకు వచ్చే ఓటీపీ ఆ దారిలోదే. 2016 అక్టోబరులో సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు బయటికి పొక్కాయని తెలిసింది. మరుసటి నెలలోనే పెద్ద నోట్ల రద్దు. కార్డంటే భయం పుట్టిన నెల్లాళ్లకే కార్డు తప్ప గతి లేకుండా పోయింది. 2018 చివరికల్లా అయస్కాంతపు పట్టీ మాత్రమే ఉన్న కార్డుల స్థానంలో చిప్ కార్డులు ఇవ్వమన్నారు. 2020లో, ఆన్‌లైన్ వాడకాన్నీ విదేశీ వాడకాన్నీ మనమే యాప్‌లో తెరుచుకుని మనమే మూసుకునే వీలు కల్పించారు.

ఇన్ని తాళాలు వేసినా, తాళం చెవి మనమే చేతికిస్తే ఎవరేం చేస్తారు?

పుంగనూరులో మా అత్త ఏటీఎంకు వెళ్లింది. మిషను కార్డు తీసుకోవట్లేదు. వెనకున్న కుర్రాడు “ఇట్లియ్యవ్వా, నేను చూస్తా” అన్నాడు. పిన్ను కూడా ఆవిడే చెప్పింది. కార్డు తిరిగిచ్చాడు, “మిషన్లో దుడ్లు లేవు” అన్నాడు. ఇంటికొచ్చి చూసుకుంటే అదే రంగు కార్డు, పేరు మాత్రం వేరే ఎవరిదో. సాయంత్రానికే మెసేజీ వచ్చింది, పదివేలు తీశారని. కొడుకు తిడతాడని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అర్ధరాత్రి దాటాక ఇంకో పదివేలు పోయాయి.

2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. తప్పు బ్యాంకుదీ కాదు, మనదీ కాదు, మధ్యలో ఎవరో చేశారనుకోండి: సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మనకు నష్టం ఉండదు. పిన్ను మనమే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసే క్షణం దాకా పోయింది మనది. ఆ తర్వాత పోయేది బ్యాంకుది. అంటే అత్త సాయంత్రమే కార్డు బ్లాక్ చేయించి ఉంటే రెండో పదివేలు మిగిలేవి. ఇప్పుడు 1930 నంబరు కూడా ఉంది. తాత ఆరేళ్లు దాచాడు, అత్త ఒక్క రాత్రి దాచింది.

ఇక నా సంగతి. కుప్పంలో ఇల్లు, బెంగళూరులో ఉద్యోగం, రోజూ రైలు ప్రయాణం. ఒక నెల ఆసుపత్రి ఖర్చు కార్డు మీద పెట్టాను. నలభై వేలు. బిల్లులో ‘కనీసం కట్టవలసినది’ రెండు వేలు అని ఉంది. హాయిగా కట్టాను, ఎనిమిది నెలలు. ఇంట్లో చెప్పలేదు.

రైల్లో పక్క సీటు తమ్ముడొకడు అడిగాడు, “వడ్డీ ఎంతన్నా?”

“మూడున్నర శాతం.”

“ఏడాదికా?”

“నెలకి.”

అతను నవ్వాడు. “మూడున్నర రూపాయల వడ్డీనా! మా ఊర్లో ఎవడూ తీసుకోడన్నా.”

ఇంగ్లీషులో కనపడని అంకె మా భాషలో చెప్పగానే ఒళ్లు జలదరించింది. తాత నోటు మీద ఉన్నది రెండు రూపాయలే కదా. ఫోన్లో లెక్క వేశాం. నలభై వేలకు నెల వడ్డీ పద్నాలుగు వందలు. ఆ వడ్డీ మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ రెండు వందల యాభై రెండు. నేను కట్టిన రెండు వేలలో అసలుకు పోయేది మూడు వందల నలభై ఎనిమిది! పైగా పాత బాకీ మిగిలుండగా కొత్తగా కొన్నవాటికి నలభై యాభై రోజుల ఉచిత గడువు కూడా ఉండదు. కార్డుతో నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ.

ఆ కనీసపు రెండు వేలు, నోటు వెనక పది రూపాయలే. కట్టలేదు, కట్టించుకున్నారు.

ఆ రాత్రి అమ్మకు చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు గొలుసు తెచ్చిచ్చింది. బ్యాంకులో రూపాయి లోపు వడ్డీకి కుదువ పెట్టి కార్డు బాకీ మొత్తం కట్టేశాను. గొలుసు ఏడాదిన్నరకు ఇంటికొచ్చింది.

2008లో జాతీయ వినియోగదారుల కమిషన్, కార్డు బాకీ మీద ఏడాదికి ముప్పై శాతం మించిన వడ్డీ అన్యాయమంది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రాజాజీ చట్టం గీసినలాంటి గీత ఇవాళ కార్డుకు లేదు. మన గీత మనమే గీసుకోవాలి. నాది ఒక్కటే: నెలాఖరున మొత్తం కట్టలేని వస్తువు కార్డు మీద కొనను.

ఒక కార్డు మాత్రం వదిలేశాను. కత్తెరతో రెండు ముక్కలు చేయబోయి తాత నోటు గుర్తొచ్చి ఆగాను. నోటు చింపితే అప్పు తీరినట్టు. కార్డు ఎన్ని ముక్కలు చేసినా ఖాతా అట్లే ఉంటుంది. మూసేయమని రాతపూర్వకంగా అడిగి, బాకీ లేదన్న పత్రం తెప్పించుకున్నాను. దాన్ని తాత ట్రంకు పెట్టెలో, ఆ చించిన నోటు పక్కనే పెట్టాను. పెట్టేముందు అవ్వకు చదివి వినిపించాను.