శిశువిద్యాలయముల చరిత్ర: వ్యయభారమెవరిది?

బడియీడు పిల్లలకు పాఠశాల యుండవలెనన్న విషయమున నేడు వాదములేదు. బడియీడు రాని పసిబిడ్డల మాట వేరు. తల్లి కూలికి పోవలసివచ్చినపుడు ఆ బిడ్డను చూచువారెవరు? అందులకగు ఖర్చు పెట్టవలసినవారెవరు? ఈ ప్రశ్న కొత్తది కాదు. రెండువందల యేండ్లుగా వివిధదేశములు దీనికి వివిధములైన సమాధానములు చెప్పినవి. ఏ సమాధానము నిలిచినది, ఏది నిలువలేదు అనునది చరిత్రమూలమున తెలిసికొనుట మనకు ఉపయోగకరము.

స్కాట్లండులోని న్యూ లానార్కు గ్రామమున నూలుమిల్లును నడిపిన రాబర్టు ఓవెన్ 1816 జనవరి 1వ తేదీన ఒక విద్యాలయమును తెరచి, అందు నడక నేర్చిన పసివారికి గూడ చోటు కల్పించెను. జేమ్సు బుకానన్ అను నేతగానిని, మాలీ యంగ్ అను పదునేడేండ్ల బాలికను వారికి ఉపాధ్యాయులుగా నియమించెను. పిల్లలను కొట్టరాదు, కసురుకొనరాదు, పుస్తకములతో వేధింపరాదు. ఆటపాటలు, నృత్యము, కంటికి కనబడు వస్తువులను గూర్చి ముచ్చటించుట, ఇవియే అక్కడి చదువు. ఖర్చు మిల్లుది. అందుచేతనే మిల్లు భాగస్వాముల మాట చెల్లినది. వారికి నృత్యము రుచింపలేదు. 1824లో ఆ బోధకు స్వస్తి చెప్పవలసివచ్చెను. కొలదికాలమునకే ఓవెన్ ఆ గ్రామమును వీడెను.

జర్మనీలో ఫ్రోబెల్ 1837లో స్థాపించిన శిశుశాలకు 1840లో 'పిల్లలతోట' అని పేరిడెను. ప్రష్యా ప్రభుత్వము 1851లో ఆ తోటలను నిషేధించెను. 1860లో ఆ నిషేధము తొలగుటకు ముందే, 1852లో, ఫ్రోబెల్ కన్నుమూసెను.

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా స్త్రీలు కర్మాగారములలో పనికి కుదిరిరి. వెంటనే ప్రభుత్వమునకు బిడ్డలు గుర్తుకు వచ్చిరి. కేంద్రనిధులతో మూడువేలకు పైగా శిశుకేంద్రములు వెలసినవి. 1946లో ఆ నిధులు నిలిచిపోగా వానిలో పెక్కు మూతపడినవి. కాలిఫోర్నియావంటి చోట్ల మాత్రము రాష్ట్రము భారము వహించుటచే అవి కొనసాగినవి. బిడ్డల అవసరము యుద్ధముతో తీరినదా? తీరలేదు. తీరినది కర్మాగారముల అవసరము.

అదే యుద్ధము ముగిసిన 1945 వసంతమున ఇటలీలో రెజ్జియో ఎమీలియా నగర సమీపమున చెల్లా అను పల్లెవాసులు జర్మనుసేన విడిచిపోయిన ఒక టాంకును, కొన్ని లారీలను, గుఱ్ఱములను అమ్మి, ఆ సొమ్ముతో శిశుపాఠశాల కట్టుటకు పూనుకొనిరి. ఒక రైతు స్థలమిచ్చెను. బాంబులకు కూలిన యిండ్ల యిటుకలను ఏరితెచ్చిరి. ఇసుక యేటినుండి వచ్చినది. ఈ వార్త విని లోరిస్ మలగుజ్జి అను యువకోపాధ్యాయుడు సైకిలుపై అచటికి పోయి, చూచి, తన జీవితమును ఆ పనికే అంకితము చేసెను.

కట్టుట ఒక యెత్తు, నడుపుట ఒక యెత్తు. చుట్టుపట్ల అదేవిధముగ లేచిన పాఠశాలలలో కొన్ని నిలువలేకపోయినవి. అయినను ప్రజలు పట్టు విడువలేదు. 1963లో రెజ్జియో పురపాలకసంఘము తన తొలి శిశుపాఠశాలను తెరచెను. 1967లో ప్రజలు నడుపుచున్నవానిని గూడ స్వీకరించెను. ఒక్కొక్క తరగతికి ఇద్దరు ఉపాధ్యాయులు, చిత్రకళకు ప్రత్యేకమైన గది, అందొక కళాబోధకుడు, పాఠశాలలోనే వంటశాల, నిర్వహణమున తల్లిదండ్రులకు పాలు, ఇవి అచటి యేర్పాట్లు. ధనము ప్రజలదగుటచే మంచిచెడ్డలు విచారించు అధికారమును ప్రజలదే అయినది. నేడు దేశదేశముల ఉపాధ్యాయులు ఆ పద్ధతిని చూడబోవుచున్నారు.

మన దేశమున 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో సమగ్ర శిశు అభివృద్ధి సేవాపథకము ఆరంభమైనది. అంగన్‌వాడీ లేని గ్రామము నేడు అరుదు. వ్యయమును కేంద్ర రాష్ట్రప్రభుత్వములు పంచుకొనుచున్నవి. అయితే పసివారిని సాకు కార్యకర్తకు లభించునది జీతము కాదు, గౌరవవేతనము. పసిబిడ్డలపనికి మనము కట్టిన విలువను ఈ ఒక్క మాట చెప్పుచున్నది.

యజమాని దయతో వచ్చినది యజమానితో పోయినది. యుద్ధముకొఱకు వచ్చినది యుద్ధముతో పోయినది. ప్రజలు తమదని పట్టుకొన్నది నిలిచినది. ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును నిలిపిన పాఠకమహాశయులకు ఈ సత్యము వేరుగ చెప్పనక్కరలేదు. గ్రంథాలయమునకు వచ్చునపుడు, త్రోవలోని అంగన్‌వాడీ గడపలో ఒక్కసారి నిలిచి, నేటి భోజనమెట్లున్నది, పిల్లలు ఆడుకొనుటకు చోటున్నదా అని అడిగిన చాలును. చెల్లా పల్లెవారును ఆ పని తమదేయని తలచుటతోనే ఆరంభించిరి.