హెర్సెగ్ నోవిలో ఫిషర్ ఓడిన ఒకే ఒక్క ఆట

1970 ఏప్రిల్ 8న, నాటి యుగోస్లావియాలోని సముద్రతీర పట్టణం హెర్సెగ్ నోవిలో 12 మంది మేటి ఆటగాళ్లు బ్లిట్జ్ చదరంగం పోటీకి దిగారు. ఒక్కొక్కరికి ఆట మొత్తానికీ 5 నిమిషాలే. పావుల బలం ఎంత ఉన్నా, గడియారంలో జెండా పడితే ఓటమి తప్పదు. ప్రతి ఒక్కరూ మిగతా 11 మందితో రెండేసి ఆటలు ఆడాలి.

సోవియట్ యూనియన్ నుంచి తాల్, పెట్రోసియన్, స్మిస్లోవ్, బ్రాన్‌స్టీన్, కోర్చ్‌నోయ్ వచ్చారు. మొదటి ముగ్గురూ మాజీ ప్రపంచ విజేతలు. అయినా 27 ఏళ్ల అమెరికన్ బాబీ ఫిషర్ పోటీని ఏకపక్షం చేసేశాడు. 22 ఆటల్లో 17 గెలిచి, 4 డ్రా చేసుకుని 19 పాయింట్లు సాధించాడు. రెండో స్థానంలో నిలిచిన తాల్‌కు దక్కినవి 14.5.

ఫిషర్ ఓడిన ఆ ఒక్క ఆటే అన్నిటికన్నా ఆసక్తికరం. తెల్ల పావులతో ఆడిన కోర్చ్‌నోయ్ మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరిపి ఆట మొదలుపెట్టాడు. ఫిషర్ తనకు ఎంతో ఇష్టమైన కింగ్స్ ఇండియన్ రక్షణతో బదులిచ్చాడు. ప్రత్యర్థి బంట్లను నడిమి గళ్లలోకి రానిచ్చి, ఆ తర్వాత వాటిని దెబ్బతీయడం ఈ పద్ధతి సారం. ఎనిమిదో ఎత్తులో కోర్చ్‌నోయ్ బంటును ముందుకు నెట్టి నడిమి భాగాన్ని బిగించేశాడు. దాంతో పోరు బల్ల రెండు అంచులకు పాకింది. ఫిషర్ బంట్లు, ఏనుగు తెల్ల రాజు వైపు కదిలాయి. కోర్చ్‌నోయ్ మంత్రి వైపు బంట్లను నడిపి, తన ఏనుగుకు దారి తెరిచాడు.

మంత్రి బంటుతో మొదలయ్యే ఆటలకు బ్లిట్జ్‌లో ఉన్న బలం ఇక్కడే తెలుస్తుంది. మధ్యభాగం మూసుకుపోయాక ఏ వైపు నడవాలో ముందే ఖరారవుతుంది, ప్రతి ఎత్తుకూ కొత్తగా లెక్కలు వేయనక్కర్లేదు. 5 నిమిషాల ఆటలో అలా మిగిలే క్షణాల విలువ ఒక కొత్త ఎత్తు కన్నా ఎక్కువ. ఫిషర్‌కూ ఆ దారులు కంఠస్థమే. కానీ ఆ రోజు అతని దాడి తెల్ల రాజును కూల్చలేకపోయింది.

రెండో ఆటలో ఫిషర్ గెలవడంతో ఇద్దరి లెక్క 1–1తో సరిపోయింది. కోర్చ్‌నోయ్ 14 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచాడు. మిగతా నలుగురు సోవియట్ ఆటగాళ్లలో ఫిషర్ నుంచి అర పాయింటైనా రాబట్టింది బ్రాన్‌స్టీన్ ఒక్కడే.